నిద్రపోతున్న కోటకు నీడ ఎక్కడిది?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెబుతాను. మీరు హైదరాబాదులో ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతున్నారు. నిద్రపోయే రాకుమారి కథ మీద 1959లో వచ్చిన డిస్నీ యానిమేషన్ సినిమా ఆధారంగా, ఒక థీమ్ పార్కులో ఒక భాగాన్ని ఊహించి గీయాలనుకుంటున్నారు. స్థలం శంషాబాద్ వైపు, బండరాళ్ళున్న ఆరెకరాలు. మధ్యలో అరవై మీటర్ల కోట, చుట్టూ డ్రాగన్ ఆకారంలో రోలర్ కోస్టర్, ఒక పక్క రాకుమారితో ఫోటో దిగే చోటు, ఇంకో పక్క ఫుడ్ కోర్టు. ఎక్కడ మొదలుపెట్టాలి, కోట ఎత్తు సరిపోతుందా, తెలుగుదనం ఎలా చేర్చాలి అని అడిగారు.

నేను పదకొండేళ్ళు సినిమా సెట్లు వేశాను, ఆ తర్వాత పద్నాలుగేళ్ళుగా పార్కులకు పని చేస్తున్నాను. సెట్టును కెమెరా చూస్తుంది, పార్కును జనం తాకుతారు. కెమెరా నాలుగు రోజులు చూసి వెళ్ళిపోతుంది, జనం పదేళ్ళపాటు గోళ్ళతో గీకి చూస్తారు. నేను చెప్పబోయే వాటిలో సగం ఈ తేడా తెలియక తిన్న దెబ్బలే.

మీ ప్లానులో పెద్ద తప్పేమీ లేదు, అందరి మొదటి ప్లానూ ఇలాగే ఉంటుంది. దాని మీద సినిమా పేరు కప్పేసి మా ఇంట్లో చూపించాను. ‘ఏదో రాజకుమారి కథ’ అన్నారే తప్ప ఏ కథో ఎవరూ చెప్పలేకపోయారు. కోట, డ్రాగన్, రాకుమారి పది కథల్లో ఉంటాయి. ఈ కథలో తప్ప ఇంకెక్కడా లేనిదేమిటో ముందు పట్టుకోవాలి. నా దృష్టిలో అది నిద్ర. రాకుమారి ఒక్కతే కాదు, కోట కోటంతా ఒక్క క్షణంలో ఎక్కడిదక్కడ ఆగిపోవడం.

సినిమా మళ్ళీ చూడకండి. గ్రిమ్ సోదరుల కథల్లో (మొదటి సంపుటి 1812లో వచ్చింది) ఈ కథ నాలుగైదు పేజీలే ఉంటుంది, అది చదవండి. అందులో గుర్రాలు, పెరట్లో కుక్కలు, కప్పు మీద పావురాలు, గోడ మీద ఈగలు, చివరికి పొయ్యిలో మంట కూడా నిద్రపోతుంది. వంటవాడు ఏదో తప్పు చేసిన కుర్రవాడి జుట్టు పట్టుకోబోతూ చెయ్యి చాచి అలాగే ఆగిపోతాడు. పనిమనిషి నల్లకోడి ముందు కూర్చుని ఈకలు పీకబోతూ కునుకులోకి జారిపోతుంది. నూరేళ్ళ తర్వాత లేచీ లేవగానే వంటవాడు చేసే మొదటి పని ఆ కుర్రవాడికి లెంపకాయ ఇవ్వడం. ఆ చాచిన చెయ్యే మీ పార్కు. అరవై మీటర్ల కోట చెప్పలేనిది అది చెబుతుంది.

సినిమాలో ఈ వంటవాడు లేడు. అక్కడ నిద్ర ఒక్క రాత్రిలో తీరిపోతుంది, నూరేళ్ళ నిద్ర పాత కథది. మీకు ఇంకో లాభం కూడా ఉంది. కాలేజీ వరకు అయితే ఫరవాలేదు కానీ, రేపు ఉద్యోగానికి చూపించే పని అయితే సినిమా వాళ్ళ సొత్తు జోలికి వెళ్ళకపోవడం మంచిది. దుస్తుల రంగు మీద పోట్లాడుకునే ముగ్గురు దేవకన్యలు, మంత్రగత్తె డ్రాగన్‌గా మారడం, ఆ పేర్లు, ఆ బొమ్మలు స్టూడియోవి. ఫ్రెంచి రచయిత పెరో 1697లో అచ్చువేసిన కథ, గ్రిమ్ కథ ఎవరివీ కావు, కాబట్టి అందరివీ. సినిమా నుంచి ఒక్కటి మాత్రం నేర్చుకోండి: దాని నేపథ్య చిత్రాలకు రూపమిచ్చిన చిత్రకారుడు ఈవిండ్ ఎర్ల్ వేసిన అడవులు. చెట్లు నలుచదరంగా, పెట్టెలు పేర్చినట్టు ఉంటాయి. 1992లో తెరిచిన పారిస్ డిస్నీ పార్కు కోట దగ్గర చెట్లను నిజంగానే అలా చదరంగా కత్తిరించి పెంచారు. ఒక చిత్రకారుడి గీత తోటమాలి కత్తెర దాకా రావడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

రోలర్ కోస్టర్ తీసేయండి. నిద్ర కథ చుట్టూ రోలర్ కోస్టర్ అంటే జోలపాట పక్కన డీజే పెట్టినట్టు.

ఇక వచ్చినవాళ్ళు కథలో ఎవరు? ఇది తేల్చకుండా గీత గీయకండి. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు హిమబిందు (స్నో వైట్) కథ మీద చీకట్లో సాగే ఒక రైడ్ పెట్టారు. అందులో హిమబిందు బొమ్మే లేదు. బండిలో కూర్చున్నవాళ్ళే హిమబిందు అన్నది వాళ్ళ ఆలోచన. జనానికి అది తట్టలేదు, హిమబిందు ఏదీ అని అడుగుతూనే వచ్చారు. చివరికి 1983లో మళ్ళీ కట్టినప్పుడు బొమ్మను చేర్చారు. మీ విషయంలో వచ్చినవాళ్ళు రాకుమారుడు కాకూడదని నా అభిప్రాయం. ఏడుగురున్న కుటుంబంలో ఏడుగురూ రాకుమారులు కాలేరు. పైగా గ్రిమ్ కథలో రాకుమారుడి పరాక్రమం ఏమీ లేదు. నూరేళ్ళు పూర్తయిన రోజున వచ్చాడు, ముళ్ళకంచె తనంతట తాను పువ్వులై దారి ఇచ్చింది. కాబట్టి మీ సందర్శకులు సరిగ్గా ఆ రోజున వచ్చిన బాటసారులు. అంతే చాలు.

(ద్వారం మీద ఏం రాయాలో జాగ్రత్త. ఒకసారి ఇలాంటి పనిలోనే ఒక కుర్రవాడు ఉత్సాహంగా ‘నూరేళ్ళు నిండాయి, లోపలికి రండి’ అని రాసుకొచ్చాడు. తెలుగులో ఆ మాటకు అర్థమేమిటో ఆ పూట మేం అతనికి చెప్పాల్సి వచ్చింది.)

ఇప్పుడు అసలు విషయం, నీడ. మీ ప్లానులో చెట్లు చుక్కలుగా ఉన్నాయి, కోట మాత్రం నిండా ఉంది. కోట ఎత్తుగా ఉంటే నీడ దానంతటదే పడుతుందని అనుకుని ఉంటారు. హైదరాబాదు దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పాతిన కర్రకు నీడే ఉండదు. అంటే బడి సెలవుల్లో, మీ పార్కు కిటకిటలాడే రోజుల్లో, పాదరసం నలభై దాటే మధ్యాహ్నాల్లో, సూర్యుడు నడినెత్తిన ఉన్న వేళ అరవై మీటర్ల గోడ కూడా నీడ ఇవ్వదు. నీడ పక్కనుంచి రాదు, నెత్తి మీద నుంచి రావాలి.

ఈ కథలో నెత్తి మీద కప్పగలిగేది ఒకటుంది: ముళ్ళపొద. సినిమాలు దాన్ని శత్రువుగా చూపిస్తాయి, మీరు దాన్ని పందిరి చేయండి. పది అడుగుల వెడల్పు, మూడు వందల అడుగుల పొడవు ఉండే ముళ్ళ సొరంగం. ఇనుప కమానులు వేసి వాటిపైకి బోగన్‌విలియా, అదే మన కాగితపు పూల తీగ, ఎక్కించండి. దానికి నిజమైన ముళ్ళున్నాయి, ఎండ అంటే ఇష్టం, నీళ్ళు తగ్గితే ఇంకా బాగా పూస్తుంది. వానాకాలంలో పచ్చటి ముళ్ళకంచెలా ఉండి, ఎండాకాలంలో పువ్వుల కంచె అవుతుంది. కథలో ఉన్నదీ అదే కదా! పైసా ఖర్చు లేని మాయ. ఒకటే షరతు, ఏడు అడుగుల లోపు కొమ్మలు కిందికి దిగకూడదు. అక్కడి వరకు ముళ్ళు లేని తాళ్ళతో, చెక్కతో చేసిన బొమ్మ ముళ్ళు పెట్టండి, పిల్లలు పట్టుకుంటారు. కత్తెర పట్టుకుని వారానికి రెండుసార్లు తిరిగే మనిషిని కూడా ప్లానులో గీయండి. నవ్వకండి, అతను లేకపోతే రెండో ఏడాదికల్లా అది నిజంగానే ముళ్ళకంచె అయిపోతుంది.

తాకే చోట లోహం పెట్టవద్దని చెప్పడానికి ఒక సంగతి. ఒక పార్కులో మంత్రగత్తె ఇంటి ముందు కంచులా కనిపించాలని ఇనుప రెయిలింగు వేయించాను. స్కెచ్‌లో అద్భుతంగా ఉంది. ఏప్రిల్‌లో జనాన్ని వదిలి చూశాం. నాలుగేళ్ళ పిల్లవాడు రెండు చేతులతో దాన్ని పట్టుకుని, ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, గుక్కపట్టి ఏడ్చాడు. వాళ్ళ అమ్మ చున్నీ తడిపి చేతులకు చుట్టింది. మధ్యాహ్నానికి మా వాచ్‌మన్ ఎవరూ చెప్పకుండానే తన తువ్వాలు తడిపి రెయిలింగు మీద పరిచాడు. ఆ తువ్వాలును నేను ఫోటో తీసి ఉంచుకున్నాను. కొత్త ప్లాను గీసేటప్పుడల్లా ఒకసారి చూస్తాను.

సొరంగం ఇంకో పని కూడా చేస్తుంది. ఎండలోంచి నేరుగా చీకటి గదిలోకి వస్తే ఏమీ కనిపించదు, కన్ను చీకటికి అలవాటు పడటానికి నిమిషాలు పడుతుంది. అందుకని మొదట్లో పందిరి పల్చగా, చివరికి వచ్చేసరికి దట్టంగా ఉండాలి. శబ్దమూ అంతే. మొదట పార్కు పాటలు, తర్వాత పక్షులు, తర్వాత గాలి, చివరి యాభై అడుగుల్లో ఏమీ లేదు. ఏ స్పీకరూ వద్దు. మన కుటుంబాలు నిశ్శబ్దంగా ఉండవని మీరు అనవచ్చు. నిజమే. కానీ చుట్టూ శబ్దం తగ్గితే మనుషులు తమకు తెలియకుండానే గొంతు తగ్గిస్తారు, గుళ్ళో గర్భగుడి దగ్గర చూడండి.

ఆ సొరంగమే మీ క్యూ కూడా. లెక్క చూడండి. కోట గదుల్లోంచి సాగే రైడ్‌లో నలుగురు కూర్చునే బండి ఇరవై సెకన్లకొకటి కదిలితే గంటకు 180 బళ్ళు, 720 మంది. కానీ ఐదుగురొస్తే రెండు బళ్ళు కావాలి, అత్తయ్య ఒంటరిగా కూర్చోనంటుంది, కాబట్టి నూటికి ఎనభై పాళ్ళే నిండుతాయని వేసుకుంటే 576. ముప్పావుగంట ఎదురుచూసే వరుసలో 432 మంది ఉంటారు. మనిషికి ఏడు చదరపు అడుగుల చొప్పున మూడు వేలు దాటుతుంది. పది అడుగులు ఇంటూ మూడు వందల అడుగులు అన్నది అలా వచ్చిన అంకె. మీరు గీసిన ప్లానులో క్యూకు చోటే లేదు. ప్రతి విద్యార్థీ మరిచిపోయేది అదే. నిద్ర కథకు మాత్రం ఎదురుచూపులు కథకు అడ్డం రావు, నూరేళ్ళు ఎదురుచూసిన ఇంటికే కదా వెళ్తున్నారు.

కోట ఎత్తు గురించి. అరవై మీటర్లు వద్దు. శంషాబాద్‌లో 2008 నుంచి విమానాశ్రయం ఉంది, ఆ చుట్టుపక్కల ఎత్తు కట్టాలంటే విమానాశ్రయాల సంస్థ అనుమతి కావాలి. ఊహా ప్రాజెక్టే అయినా, పరీక్షకు వచ్చినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది. పైగా అవసరమూ లేదు. డిస్నీలాండ్‌లోని నిద్రపోయే రాకుమారి కోట ఎత్తు 77 అడుగులే. కింద రాళ్ళు పెద్దవి, పైకి వెళ్ళేకొద్దీ చిన్నవి, కిటికీలు కూడా అంతే, కాబట్టి కన్ను మోసపోతుంది. మా సెట్టు పనిలోనూ ఇదే చిట్కా, కింద రాయి రెండడుగులు, పైన తొమ్మిది అంగుళాలు. (ఆ కోట 1955లోనే లేచింది, సినిమా ఇంకో నాలుగేళ్ళకు గానీ రాలేదు. కోట లోపల నడుస్తూ కథ చూసే దారి కూడా 1957లోనే తెరిచారు. సినిమా లేకుండా కోట నిలబడగలదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?)

మీ స్థలంలో ఉన్న బండరాళ్ళను పేల్చి చదును చేసినట్టు గీశారు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఇక్కడి గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. నూరేళ్ళ నిద్ర గురించి కథ చెబుతూ, అన్నేళ్ళుగా నిద్రపోతున్న రాయిని పేల్చేసి, దాని స్థానంలో ఫైబర్ రాయి పెడతారా? ఫైబర్ రాయి రెండు ఎండాకాలాల్లో వెలుస్తుంది, వేలితో కొడితే డబ్బాలా మోగుతుంది, పిల్లలు ముందు చేసే పని అదే. ఒక ఉదయం గోల్కొండకు వెళ్ళండి. పైకి ఎక్కుతూ గోడలు చూడండి. బండ అడ్డొచ్చిన చోట గోడ దాన్ని పగలగొట్టదు, దాన్ని కలుపుకుని పోతుంది. బండకూ కట్టుడు రాయికీ మధ్య ఆ అతుకు దగ్గర కూర్చుని పది స్కెచ్‌లు గీయండి. బవేరియా కోటల ఫోటోలు వంద చూసినా అది రాదు. మీ కోట రాతిలోంచి మొలిచినట్టుండాలి, సగం రాయి, సగం కట్టడం. అప్పుడు నలభై అడుగులు కట్టినా ఎనభై అడుగులుగా కనిపిస్తుంది.

రైడ్ గురించి నా సలహా ఒక్కటే: గదులు మూడు చాలు. వంటిల్లు, దర్బారు, రాకుమారి పడుకున్న బురుజు గది. బండి ప్రతి గదినీ రెండుసార్లు దాటాలి. వెళ్ళేటప్పుడు ఒక వైపు నుంచి, అంతా నిద్ర. బురుజు గదిలో ఆమె లేచాక, తిరుగు దారిలో అవే గదులను ఇంకో వైపు నుంచి, అంతా మెలకువ. ఒకే సెట్టు, రెండు ముఖాలు, మధ్యలో గోడ. ఖర్చు తక్కువ, పైగా నిద్రపోయే బొమ్మకు మరమ్మతు రాదు. కదిలే బొమ్మలు దుమ్ముకు ఎలా మూలుగుతాయో నాకు తెలుసు. నిద్రలో కదిలేది ఒక్కటే ఉండాలి, ఊపిరి. హాలండ్‌లోని ఎఫ్టెలింగ్ పార్కులో 1952లో తెరిచిన కథల అడవిలో నిద్రపోయే రాకుమారి ఛాతీ మెల్లగా లేచి పడుతుంటుంది. అంతే. జనం దాని ముందు ఆగిపోతారు.

ఆ పార్కు నుంచే ఇంకోటి అరువు తెచ్చుకోండి. అక్కడ చెత్తబుట్ట ఒక తిండిపోతు. కాగితం తెమ్మని నోరు తెరిచి అడుగుతుంది, పెడితే లాగేసుకుంటుంది. పిల్లలు చెత్త వెతుక్కుని మరీ తెస్తారు. మరుగుదొడ్లను కూడా ప్లాను మూలకు నెట్టకండి. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో పొడవు జుట్టు రాకుమారి పేరిట ఒక చిన్న ప్రాంతం ఉంది. బురుజు, దీపాలు అన్నీ ఉంటాయి, కానీ దాని అసలు పని మరుగుదొడ్లు. దాని ముందు జనం ఫోటోలు దిగుతారు.

కందకం అలంకారం కోసం గీశారు, దానికి పని ఇవ్వండి. బండ నేల నీటిని పీల్చదు. ఒక్క గట్టి వానకు 50 మిల్లీమీటర్లు పడితే ఆరెకరాల మీద పన్నెండు లక్షల లీటర్లు. అది ఎక్కడికి పోతుందో ప్లానులో కనిపించాలి. చక్రాల కుర్చీ దారికి పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు చొప్పున వాలు. ఇవి రెండూ ఉంటే సగం మార్కులు వచ్చినట్టే.

చివరగా తెలుగుదనం. కోటకు మినార్లు, గోడకు ముగ్గులు, రాకుమారికి పట్టులంగా పెడదామని రాశారు. వద్దు. కథ ఎక్కడిదో అక్కడిదిగానే ఉండనివ్వండి. మనదనం రాతిలో, తీగలో, నీడలో ఇప్పటికే ఉంది. అయినా మనకు నిద్ర కథ కొత్తా? ఆడవాళ్ళు తరతరాలుగా పాడుకున్న ఊర్మిళాదేవి నిద్ర ఉంది. పద్నాలుగేళ్ళు నిద్రపోయి లేచి, ఎదురుగా ఉన్న భర్తను గుర్తుపట్టక ఎవరో పరాయివాడనుకుంటుంది. నాకైతే అది ముద్దుతో లేచే రాకుమారికంటే నిజమనిపిస్తుంది. కానీ ఆ మాట మీరు గోడ మీద రాయకండి. బండి దిగే చోట ఏ అమ్మమ్మో మనవరాలితో ‘మన ఊర్మిళ కూడా ఇలాగే...’ అని మొదలుపెట్టాలి. బయటికి వచ్చే దారిలో కూర్చోవడానికి నీడలో నాలుగు అరుగులు కట్టండి, ఆ కథ అక్కడ సాగుతుంది.

తినే చోటు విషయానికి వస్తే, గ్రిమ్ కథలో గొడవ మొదలైందే పళ్ళెం దగ్గర. పదముగ్గురు జ్ఞానవంతులైన స్త్రీలు, రాజు దగ్గర బంగారు పళ్ళేలు పన్నెండే. పదమూడో ఆమెను పిలవలేదు, ఆమె శాపంతోనే కథ మొదలవుతుంది. మీ హోటల్లో పన్నెండు బల్లల మీద బంగారు రంగు పళ్ళేలు, మూలన పదమూడో బల్ల మీద మట్టి పళ్ళెం పెట్టండి. పిల్లలు దాని దగ్గరే కూర్చుంటామంటారు, పందెం.

రాకుమారి వేలికి కదురు గుచ్చుకుని నిద్రలోకి జారే రాట్నం ఉంది కదా, దానికి ఇంటర్నెట్ బొమ్మ వాడకండి. రాట్నం అనగానే ఇప్పటి పిల్లలకు జాతరలో తిరిగేది గుర్తొస్తుంది, కదురు అనే మాటే వాళ్ళు విని ఉండరు. యూరప్ రాట్నం ఆకారం వేరు, అది అలాగే ఉంచండి, కానీ పోచంపల్లి వెళ్ళి ఒకసారి రాట్నం తిప్పే చేతిని చూసి రండి. చెయ్యి పట్టే చోట చెక్క అద్దంలా నున్నగా మెరుస్తుంటుంది, మిగతాదంతా మసి. మీ రాట్నం మీద ఆ మెరుపు ఒక్క చోటే ఉండాలి.

ముందు నాకు రెండు బొమ్మలు పంపండి: మే 9 మధ్యాహ్నం ముళ్ళ సొరంగం నిలువు కోత (సెక్షన్), వంటింటి రెండు ముఖాలు. కోట తర్వాత. వంటింట్లో తిరుగు దారిలో చివరి శబ్దం ఆ లెంపకాయే కావాలి. దాని కోసం రికార్డింగులు వెతక్కండి. చపాతీ పిండి ముద్దను బల్ల మీద పెట్టి తడి అరచేత్తో కొడితే అచ్చం అలాగే వస్తుంది. మేం ముప్పై రకాలు ప్రయత్నించాకే అది దొరికింది.